కాఫీ పండ్ల గుత్తి

అరకులో ఒక వానాకాలం గడిచి కూడా మెరుపు తగ్గని సూదిని నేను అరుదుగా చూశాను. జూన్‌లో విప్పిన కొత్త పొట్లం దసరా సెలవుల నాటికి కన్నం దగ్గర ఎర్రబారేది. నికెలు పూత అరిగిన చోట ముందు చిన్న మచ్చ పడుతుంది. మచ్చ గరుకవుతుంది. ఆ గరుకు తెల్లగుడ్డలోంచి దూరిన ప్రతిసారీ ఇటుక రంగు చుక్క ఒకటి వదిలి వెళుతుంది. సుమారు 3,000 అడుగుల ఎత్తున్న లోయ అది. పొద్దున్నే మంచు కిటికీలోంచి గదిలోకి వచ్చి కూర్చునేది. ఉతికిన చీర రెండు రోజులకి గానీ ఆరేది కాదు. ఇక పౌడరు డబ్బాలో దూది వేసి గుచ్చిన సూదులు ఏం ఆగుతాయి? ఆ దూదే చెమ్మ పీల్చి సూదులకి పట్టించేది.

నేను 1994లో అక్కడ ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో కుట్టు టీచరుగా చేరాను. మాది విజయనగరం. కొత్తవలసలో కిరండూల్ పాసింజరు ఎక్కి, కుట్టుమిషను తలని గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, సొరంగం వచ్చినప్పుడల్లా దాన్ని గట్టిగా పట్టుకుంటూ వెళ్లాను. మిషను ఒకటే, పిల్లలు ముప్పై మంది పైనే. అందుకని చేతికుట్టే ప్రధానం. కొండదొర, వాల్మీకి, భగత, కోటియ, గదబ పిల్లలు. చాలామంది ఇళ్లలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు. మొదటి రెండు నెలలూ నా పాఠం వాళ్లకి ఎక్కలేదు. ముందుకుట్టు వేయమంటే గుడ్డ ముడుచుకుపోయేది, దారం చిక్కుపడేది, అంచులు పోగులూడి గడ్డాల్లా వేలాడేవి. ఈ పిల్లల చేతులు కుట్టుకి అలవాటు పడలేదనుకున్నాను. ఎంత తప్పుగా అనుకున్నానో ఒక ఆదివారం తెలిసింది.

ఆ రోజు ఏడో తరగతి పిల్ల ఒకతె, సెలవుకి ఇంటికి వెళ్తూ, నన్నూ రమ్మంది. వాళ్ల వీధి అరుగు మీద అడ్డాకుల గుట్ట. అడ్డాకు అంటే అడవిలో పెద్ద చెట్లని అల్లుకునే తీగ ఆకు, కొస దగ్గర రెండు రెక్కలుగా చీలినట్టుంటుంది. మైదానంలో పెళ్లి భోజనాల విస్తళ్లు చాలా కాలం ఈ ఆకువే. వాళ్లమ్మ నాకు చోడి అంబలి గిన్నె అందించి మళ్లీ పనిలో పడింది. సన్నగా చీల్చిన వెదురు పుల్ల ఆకులోకి దిగేది, పైకి తేలేది, పుటుక్కున విరిగేది. మరుక్షణం ఇంకో ఆకు. పుల్లే సూది, పుల్లే దారం. మా పిల్ల తల్లి పక్కన కూర్చుని అదే వేగంతో కుట్టింది. నాతో కబుర్లు చెబుతూ, చేతివైపు చూడకుండా. ఒక్క పుల్లా పక్కకి పోలేదు. అది నేను రెండు నెలలుగా నల్లబల్ల మీద బొమ్మ వేసి నేర్పుతున్న ముందుకుట్టే.

వాళ్లకి రానిది కుట్టు కాదు. జారిపోయే గుడ్డ, మెలిపడే దారం, అవే వాళ్లకి కొత్త.

ఆ తర్వాత ఒక చలికాలం, 1996 డిసెంబరులో అనుకుంటాను, వసతిలో నాలుగో తరగతి పిల్ల అరికాల్లో సూది దిగింది. చాపల మీద పడుకునే పిల్లలు, చీకట్లో లేచి నడిచింది. కాంపౌండరు గారు సూది తీసి, కట్టు కట్టి, ఇంజక్షను ఇచ్చి పంపారు. పిల్లకి ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాటి నుంచి సూదులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. మొత్తం ఇరవై నాలుగు. వాటికి ఒక చూపులో లెక్క తెలిసే చోటు కావాలి. తుప్పు పట్టించని చోటు కావాలి. అంటే మంచి సూదుల దిండు.

దిండుకి ఫెల్టు దొరికిన తీరు చెప్పాలి. ఆఫీసు గదిలో నోటీసు బోర్డుకి కొత్త పచ్చ ఫెల్టు వేయించారు. పాతదాని అంచు ముక్కలు అటెండరు పారేయబోతుంటే అడిగి తీసుకున్నాను. లెక్కల టీచరు భిన్నాలు చెప్పడానికి ఫ్లానెల్ బోర్డు మీద అంటించే పసుపుపచ్చ బిళ్లలు చేసుకున్నారు. వాటి తరుగు కొంత వచ్చింది. ఎర్రది వార్షికోత్సవానిది. గుమ్మం మీద ‘స్వాగతం’ అని పెద్ద అక్షరాలు కత్తిరించగా మిగిలిన పేలికలు. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, సున్న లోపలి బిళ్ల, తకారం కడుపులోని ముక్క, అన్నీ వంపులే. వాటిని చూస్తే పండ్ల తొనలు గుర్తొచ్చాయి.

ఫెల్టుకి నేత ఉండదు. గొర్రె వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, తడి, ఒత్తిడి తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని చాపలా బిగుసుకుపోతాయి. పడుగూ లేదు, పేకా లేదు కనక ఏ వైపు కత్తిరించినా పోగు ఊడదు, అంచు మడిచి కుట్టే పని లేదు. మా మూడు రంగుల్లో పచ్చది ఒక్కటే నిజమైన ఉన్ని. కొసకి నిప్పు అంటిస్తే వెంట్రుక కాలిన వాసన వేసి పొడయింది. ఎర్రది, పసుపుది కరిగి ముద్దకట్టాయి, అంటే కృత్రిమ దారాలవి. ఈ పరీక్ష పిల్లలు చాలా ఇష్టంగా చూశారు.

ముక్కలు పంచి అంచులు కాజా కుట్టుతో కలపమన్నాను. ఏం జరిగిందో ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఫెల్టు వాళ్ల చేతికి ఆకులా తగిలింది. బిరుసుగా నిలబడింది, జారలేదు, చీలలేదు. పావుగంటలో గదంతా నిశ్శబ్దం. రెండేళ్లుగా ముడులతో కుస్తీ పట్టిన పిల్లలు కుట్టుకీ కుట్టుకీ మధ్య వడ్లగింజ ఎడం తప్పకుండా కుట్టుకుపోయారు.

ఏ ఆకారంలో చేయాలన్నది తర్వాతి మాట. బజారులో దొరికే విదేశీ తరహా దిండు టమాటా ఆకారంలో ఉంటుంది. దానికో చిన్న స్ట్రాబెర్రీ వేలాడుతుంది. ఆ స్ట్రాబెర్రీలో ఎమరీ పొడి, సూది మొనని సానపట్టడానికి. మనం కాఫీ పండు చేద్దామన్నాను. బడి గోడ దాటితే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగ, కింద కాఫీ మొక్కలు. అది పండు కోసే కాలం కూడా. నేను బల్ల మీద ఒక గుండ్రటి పండు, పొడుగాటి కాడ, ఒక ఆకు గీశాను. అడ్డాకులు కుట్టిన ఆ పిల్లే, అప్పటికి తొమ్మిదిలోకి వచ్చింది, లేచి నిలబడింది.

“టీచరమ్మా, కాఫీ పండు ఇలా వేలాడదు. కొమ్మకి అంటుకుని ఉంటాది. ఒకటే ఉండదు, గుత్తిగా ఉంటాది. ఆకు కూడా ఒకటి కాదు, ఎదురెదురుగా రెండు.”

సుద్దముక్క ఆ పిల్ల చేతికే ఇచ్చాను. కణుపు గీసింది, చుట్టూ ఆరు పండ్లు గీసింది. అన్నీ ఎరుపు చేద్దామంటే ఒప్పుకోలేదు. ఒకే గుత్తిలో కొన్ని పండుతాయి, కొన్ని పసుపు తిరుగుతాయి, కొన్ని పచ్చిగానే ఉంటాయి, అందుకే వాళ్లమ్మ ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తుందట. అలా మూడు ఎరుపు, రెండు పసుపు, ఒకటి పచ్చ. మా దగ్గరున్న తరుగుకి కూడా ఆ లెక్కే సరిపోయింది. ఎరుపులో మామూలు కుట్టుసూదులు, పసుపులో గుండుసూదులు, పచ్చదాన్లో పదో నంబరు సన్న సూదులు. సన్నవి నన్నడగకుండా ఎవరూ తీయకూడదు. “పచ్చి కాయ కోయకూడదు కదా,” అంది. ఆ నియమం పెట్టింది కూడా తనే.

ఎర్ర పండ్లు నాలుగేసి తొనలు కలిపి కుట్టాం. మూరెడు యాంకరు దారం తీసి, అందులో ఉన్న ఆరు పోగుల్లో రెండు మాత్రం విడదీసి వాడాం. పండు కొసన బొడ్డులా ఉండే గుంటకి నల్లదారం ముడి. పచ్చ పండుకి మాత్రం నాలుగంగుళాల బిళ్ల ఒక్కటే కత్తిరించి, అంచు చుట్టూ టాకా వేసి, కూరి, సంచి మూతిలా లాగి బిగించాం.

కూరడం దగ్గర చాలా రోజులు పోయాయి. బూరుగు దూది పెడితే సూది నిలవలేదు. వడ్రంగి దగ్గరి రంపపు పొట్టు చెమ్మకి ముద్దయింది. పిల్లలు కాఫీ గింజ మీది ఎండుపొర పొట్టు తెచ్చారు. గుచ్చినప్పుడల్లా కరకరమని చప్పుడు చేసేది, వినడానికి బాగుండేది, రెండో రోజుకే నలిగి దిగిపోయింది. చివరికి మా అమ్మ ఇచ్చిన గొంగళి అంచు కత్తిరించి, పోగులు విడదీసి, చేత్తో పింజలు చేశాం. గొర్రె ఉన్నిలో మైనంలాంటి జిడ్డు ఉంటుంది, దాన్నే లానోలిన్ అంటారు. సబ్బు పెట్టి ఉతకకపోతే అది పోదు, సూదిని తుప్పు నుంచి కాపాడుతుంది. ఆరు పండ్లనీ అట్ట మీద కుదిర్చి, కింద వాగు ఇసక నింపిన బిళ్ల ఒకటి బరువుకి పెట్టి, మధ్యన పట్టుకోవడానికి నిజమైన కాఫీ కొమ్మ ముక్క నిలిపాం. రెండు ఆకులూ నోటీసు బోర్డు పచ్చవే.

ఒక గదబ పిల్ల దాన్ని చేతుల్లో తిప్పి తిప్పి చూసి, తర్వాతి సెలవులకి ఇంటి నుంచి వాళ్ల ముసలమ్మ దాచుకున్న కేరంగ్ గుడ్డ పేలిక తెచ్చి చూపించింది. గదబ స్త్రీలు ఒకప్పుడు చెట్టు నారనీ నూలునీ కలిపి నేసుకున్న చారల చీర అది. ముట్టుకుంటే గరుకు, పట్టుకుంటే బరువు. నేను కుట్టు నేర్పడానికి వచ్చిన ఊళ్లో నారతో చీర నేసిన చేతులున్నాయి. ఆ పేలికని దిండులో కలుపుదామా అని ఆ పిల్లే అడిగింది. వద్దన్నాను. దాన్ని కత్తిరించడానికి నాకు చెయ్యి రాలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం లెక్క ఇరవై మూడు వచ్చింది. పచ్చ పండులోని సన్న సూది ఒకటి లేదు. ఆ రోజు దాన్ని వాడింది ఆ తొమ్మిదో తరగతి పిల్ల. గుచ్చేశానంది. మరి ఏదీ అన్నాను. నాకు అరికాలిలో దిగిన సూదే కళ్లముందు ఆడుతోంది. సైన్సు గదిలోంచి అయస్కాంతం తెప్పించి, తాడు కట్టి ఇచ్చి, చాపలన్నీ దులిపి నేలంతా లాగమన్నాను. లాంతరు వెలుగులో, ఆ చలిలో, చన్నీళ్లలాంటి గచ్చు మీద మోకాళ్ల మీద పాకుతూ గంటన్నర వెతికింది. తోటి పిల్లలు సాయం వస్తే వద్దన్నాను. దొరకలేదు. “గుచ్చేశాను టీచరమ్మా,” అని మళ్లీ ఒక్కసారి అంది. నేను బదులు చెప్పలేదు. మర్నాటి నుంచి పచ్చ పండు జోలికి రాలేదు. ఆ మరుసటి ఏడు పది పాసై వెళ్లిపోయింది.

బదిలీ అయినప్పుడు పిల్లలు దిండుని నాకే ఇచ్చేశారు. ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగి, విజయనగరంలో బీరువా అడుగున పడి ఉంది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి, దాన్ని బయటికి తీశాను. ఎర్ర పండ్లు, పసుపు పండ్లు నిన్న కుట్టినట్టున్నాయి. పచ్చది ఒక్కటే నిజమైన ఉన్ని కనక పురుగు దాన్నే పట్టింది. ఆకులు జల్లెడయ్యాయి. పండు పక్కన చిల్లు పడింది. బాగు చేద్దామని కళ్లజోడు పెట్టుకుని దీపం దగ్గరికి జరిపితే, ఆ చిల్లులోంచి ఏదో మెరిసింది.

టాకా విప్పాను. గొంగళి పింజల మధ్య, అడుగున అట్టకి ఆని, పదో నంబరు సూది. దానికి తల లేదు కదా, మెత్తటి ఉన్నిలోకి కన్నంతో సహా దిగిపోయింది. ఫెల్టు దాని మీద మూసుకుపోయింది. ఇరవై రెండేళ్లు. ఎక్కడా తుప్పు లేదు.

ఆ రాత్రే ఆ సూదిలోకి పచ్చదారం ఎక్కించాను. నా చేతులు ఇప్పుడు కొంచెం వణుకుతాయి, మూడోసారికి గానీ కన్నంలోంచి దారం రాలేదు. చిల్లు అంచులు దగ్గరికి లాగి, వడ్లగింజ ఎడంతో కుట్టి, పాత టాకా మళ్లీ బిగించాను. సూదిని మాత్రం లోపలికి పోనివ్వలేదు. కన్నంలో జానెడు దారం ఉంచేసి, దూరం నుంచి కనబడేలా గుచ్చి, మళ్లీ లెక్కపెట్టాను.

ఇరవై నాలుగు.