హైబ్రిడ్ సైకిలూ, పాతికవేల బడ్జెట్టూ, ఒక పంక్చర్ షాపూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆరోగ్యం మీద క్లాసు కాదు. పాతికవేల లోపు సైకిల్ కొనాలనుకున్న ఒక సగటు సాఫ్ట్‌వేర్ జీవి పదిహేను రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని తేల్చుకున్న సంగతులు, అంతే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో దుమ్ము కొట్టుకుపోయిన గేర్ల సైకిళ్లు తొమ్మిదున్నాయి. పదోది నాది కాకూడదు. అదీ అసలు సమస్య.

నా రిక్వైర్‌మెంట్ చిన్నదే. వారంలో మూడ్రోజులు మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి. ఆదివారం పొద్దున్న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్ మీద సరదాగా కాసేపు. 2023 అక్టోబరులో మొదలైన ఈ ట్రాక్ పొడవు 23 కిలోమీటర్లు, పైన ఎండా పడదు, వానా పడదు. కానీ ఆఫీసు దారికి ఆ భాగ్యం లేదు కదా. అక్కడ గుంతలూ, స్పీడ్ బ్రేకర్లూ, ఎదురొచ్చే ఆటోలూ మామూలే.

రోడ్ బైక్ చక్రం సన్నం, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. మన గుంతల్లో నడుము పోతుంది. లావు టైర్ల ఎంటీబీ గుంతల్ని లెక్కచెయ్యదు గానీ, తారు రోడ్డు మీద తొక్కుతుంటే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. హైబ్రిడ్ ఈ రెంటికీ మధ్య రకం. రోడ్ బైక్‌కి ఉండే 700సి చక్రమే, టైరు మాత్రం 35 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా, హ్యాండిల్ తిన్నగా. నాకు ఇదే సరిపోతుంది.

తర్వాత స్పెసిఫికేషన్ల పిచ్చి. 21 గేర్లంటే ముందు మూడు, వెనక ఏడు. వాటిలో చాలావరకు ఒకదాన్నొకటి పోలినవే, రోజూ వాడేవి నాలుగైదు. ఈ ధరలో వచ్చే ముందు సస్పెన్షన్ బరువు పెంచడం తప్ప పెద్దగా చేసేదేం లేదు, అందుకే మామూలు ఫోర్క్ చాలనుకున్నా. డిస్క్ బ్రేక్ మాత్రం వదల్లేదు, వానాకాలంలో అదే దిక్కు. అన్నిటికన్నా ముఖ్యం ఫ్రేమ్ సైజు. అది తప్పితే మిగతావి ఎంత బాగున్నా మోకాళ్లు, భుజాలు ఊరుకోవు.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి వాల్వ్. సన్నటి ప్రెస్టా వాల్వ్ అయితే పెట్రోల్ బంకులో గాలి కొట్టించాలంటే అడాప్టర్ జేబులో ఉండాలి. బైకులకీ, కార్లకీ ఉండే ష్రేడర్ రకమైతే ఎక్కడైనా పని జరిగిపోతుంది.

ఇంతకీ ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్లో నేను చూసిన మోడల్ 1800 రూపాయలు తక్కువ. కానీ పెట్టెలో సగం విప్పి పంపుతారు. హ్యాండిల్, ముందు చక్రం, పెడల్స్ మనమే బిగించుకోవాలి. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయని తెలియక బలంగా తిప్పితే క్రాంక్ పాడవుతుంది. పెద్ద షోరూముల్లో తొక్కి చూడొచ్చు, బాగానే ఉంటుంది. కానీ చిన్న రిపేరుకి కూడా నేను మళ్లీ అంత దూరం పోవాలి.

మా వీధి చివర సైకిల్ షాపు ఉంది. ఓనర్ పెద్దాయన. ఇదే మోడల్ రెండు రౌండ్లు తొక్కనిచ్చి, సీటు ఎత్తు తనే సరిచేసి, నవ్వుతూ అన్నాడు: "మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇక్కడ తొక్కి చూసి ఫోన్లో కొంటారు సార్. నెల తిరక్కుండా గేర్లు పడట్లేదని మళ్లీ నా దగ్గరికే తెస్తారు."

ఆయన మాటలో అబద్ధం లేదు. కొత్త కేబుళ్లు మొదటి నెలలోనే కాస్త సాగుతాయి, గేర్లు మళ్లీ ట్యూన్ చెయ్యాల్సిందే. ఆ పని రానివాడికి సైకిల్ మూలన పడటానికి అదొక్కటీ చాలు. ఇంకోటి, ఆయన షాపులో సైజు చూసుకుని వేరేచోట కొనడమంటే ఆయన గంట శ్రమని ఊరికే వాడుకోవడమే. మన పనికి టైమ్‌షీట్ నింపి మరీ బిల్లు చేసే మనకి ఇది అర్థం కాకపోతే ఎలా?

అందుకే ఆయన దగ్గరే కొన్నా. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే కాబట్టి, బిల్లు మాత్రం అడిగి తీసుకున్నా. ఆరు నెలల సర్వీసు ఫ్రీ అని ఆ బిల్లు మీదే రాయించుకున్నా. ఎక్కువ పెట్టిన 1800 నా లెక్కలో ఏఎంసీ అన్నమాట. హెల్మెట్టూ, వెనక ఎర్ర లైటూ కూడా అక్కడే తీసుకున్నా, వాటి దగ్గర మాత్రం బేరం ఆడాను లెండి.