మా నాయనగారి గాజుగ్లాసు

గడ్డము గీసికొనుటను గూర్చి పాఠశాల వార్షిక సంచికలో వ్రాయుట కొందరికి హాస్యముగా తోచవచ్చును. చిన్న తరగతుల బాలురకు దీనితో ఇంకను పనిలేదు. అయినను పై తరగతులవారికి నూనూగు మీసములు మొలచుచున్నవి. వారి తల్లిదండ్రులు మాసమాసమును పంపు చేతిఖర్చులో బ్లేడుల పద్దు క్రొత్తగా చేరుచున్నది. గడచిన శ్రావణమాసమున ఆ పద్దు మూలముననే నాకు కొన్ని రాత్రులు నిద్ర పట్టకపోయెను. ఆ సంగతికి ముందు మా నాయనగారి గాజుగ్లాసు సంగతి చెప్పవలసియున్నది.

మా స్వగ్రామము కొల్లేటి లంకలలో నొకటి. వరదనాళ్లలో దోనెమీదనే బడికి పోయెడివారము. ఊరి క్షురకుడు పొది చంకన పెట్టుకొని ఇంటింటికి వచ్చి, పెద్దలను అరుగుమీద కూర్చుండబెట్టి, గడ్డమును నీళ్లతో చాలసేపు తడిపెడివాడు. ఎవరైన త్వరపెట్టినచో, "కాస్త నాననివ్వండి బాబుగారూ, కత్తి ఎక్కడికీ పోదు" అని నవ్వెడివాడు. పంట కళ్లములో ధాన్యము కొలుచునపుడు ఆయనకు మేర ముట్టెడిది. ఆయన కత్తి ఆయన తండ్రి వాడినదే. మొద్దువారినపుడు రాతిపై నూరి, తోలుపట్టాపై రాచినచో మరల పదును వచ్చెడిది.

నాకు పదియేండ్లు వచ్చునప్పటికి మా నాయనగారు తాడేపల్లిగూడెములో నొక మండీలో గుమాస్తాగా కుదిరిరి. అచట మేర లేదు. ప్రతి పనికిని రొక్కమే. కావున ఆయన ఒక సేఫ్టీ రేజరు కొనిరి. ఇట్టి రేజరునకు అమెరికా దేశస్థుడగు కింగ్ జిలెట్ 1904లో పేటెంటు పొందెను. నూరుట యెరుగనివాడు సయితము వాడదగినదియు, పదును పోగానే పారవేయదగినదియు నగు పలుచని ఉక్కురేకు ఆతని తలంపు. 1903లో మొదటి యేట అమ్ముడుపోయినవి 51 రేజరులు మాత్రమే.

పారవేయుట మా నాయనగారి శాస్త్రములో లేదు. ఆయన కొక గాజుగ్లాసు ఉండెడిది. ఉదయమున బ్లేడును దాని లోపలి ప్రక్కకు వ్రేలితో అదిమి, అటునిటు నూరుమార్లు రాచెడివారు. కీచుమను ఆ చప్పుడుతోనే మా యింట తెల్లవారెడిది. నాటి బ్లేడులు త్వరగా తుప్పుపట్టు కార్బను ఉక్కువి; వంగిన అంచు గాజు రాపిడికి కొంత సవరమగుట నిజమే. ఐనను ఎంతటి బ్లేడైనను మాసము దినములు నిలుచునా? రెండవ వారము గడచినది మొదలు ఆయన గడ్డముపై గాట్లు పడెడివి.

నేను ఏలూరిలో వసతిగృహమున నుండి చదువుకొనుచుండగా, ఒకనాడు ఫీజు కట్టుటకై ఆయన వచ్చిరి. గడ్డముపై మూడుచోట్ల వార్తాపత్రిక ముక్కలు నెత్తుటితో అంటుకొనియున్నవి. వారెవరని స్నేహితు డడుగగా, మా ఊరివారని చెప్పితిని. ఆ మాట నాయనగారు వినిరో లేదో నాకు నేటికిని తెలియదు. ఆయన గతించిన పిమ్మట జమాఖర్చుల పుస్తకము తిరగవేసితిని. ప్రతి మాసము మొదటి పుటలోనే "బ్లేడు 1" అనియు, దాని క్రింద "అబ్బాయి ఫీజు" అనియు ఉండెను.

ఇక శ్రావణమాసపు మాట. ఉదయపు సభలో నేను పొదుపును గూర్చి తరచుగా చెప్పుచుందును. నాయనగారి గ్లాసు కథయు రెండు మూడుమార్లు చెప్పియుంటిని. ఒక ఆదివారమున స్నానశాల ప్రక్కగా పోవుచు, పదవ తరగతి బాలురు నలుగురు ఒక్క రేజరుతో వరుసగా గీసికొనుట చూచితిని. ఒకని చుబుకమునుండి నెత్తురు కారుచున్నది. తరువాతివాడు ఆ బ్లేడునే పంపుక్రింద ఒక్కమారు జాడించి అందుకొనుచున్నాడు. కేకవేసి ఆపితిని. వారిలో పెద్దవాడు, "దండుగ ఎందుకని వంతులేసుకున్నామండి మాస్టారూ, మీరు చెప్పారు కదండీ" అని లెక్క వ్రాసిన కాగితము చూపెను. వారు నలుగురును మాసమునకు మిగిల్చినది 21 రూపాయలు.

నాకు నోట మాట రాలేదు. నెత్తురంటిన బ్లేడు ద్వారా కామెర్లు తెచ్చు హెపటైటిస్ బి, సి క్రిములు ఒకరినుండి యొకరికి సంక్రమింపవచ్చును. ఎయిడ్సు క్రిమికిని అట్టి త్రోవ కలదు. హెపటైటిస్ బి క్రిమి శరీరము వెలుపల ఏడు దినములైనను బ్రతికియుండగలదు. నీళ్లలో జాడించినంత మాత్రమున అది పోదు. ఆ సాయంకాలమే నలుగురి తల్లిదండ్రులకు తెలిపితిని. మరునాడు రక్తపరీక్ష చేయించితిమి, దోషమేమియు కానరాలేదు. అయితే క్రిమి సోకినను వెంటనే పరీక్షలో కనబడకపోవచ్చుననియు, మూడు మాసముల పిమ్మట మరల చూడవలెననియు వైద్యులు చెప్పిరి. ఆ మూడు మాసములును పొదుపు అను మాట నా నోట రాలేదు.

అట్లని బ్లేడును ఒక్కదినము వాడి పారవేయుమని చెప్పను. ఎవని బ్లేడు వానిదే యైనపుడు అది ఎక్కువ దినములు నిలుచుటకు మార్గము లేకపోలేదు. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయపు పరిశోధకులు 2020లో సైన్సు పత్రికలో ఒక విచిత్రము ప్రకటించిరి. వెండ్రుక ఉక్కుకన్న సుమారు 50 రెట్లు మెత్తనిది. అట్టిది ఉక్కునెట్లు మొద్దుపరచును? వారు సూక్ష్మదర్శినిలో చూడగా, అంచు అంతటను సమముగా అరుగుటలేదట. వెండ్రుక ఒరిగి తెగుచోట, ఉక్కు నిర్మాణము ఒకే తీరున లేకున్నచో, అంచు పెచ్చుగా ఊడుచున్నదట. ఊడిన పెచ్చును ఏ గాజుగ్లాసును తిరిగి అతుకజాలదు. నేటి బ్లేడుల అంచున పలుచని పూతలుండును. వానిని గాజుపై రాచుట, తువ్వాలుతో తుడుచుట నష్టమే. మన చేతిలో నున్నది వెండ్రుకను మెత్తపరచుట. అది నీరు పీల్చినచో తెంపుటకు చాల తక్కువ బలము చాలును. మా ఊరి క్షురకుడు ఏ పత్రికయు చదువకయే ఈ పని చేయుచుండెను.

మన ప్రాంతమున నీటి చిక్కు వేరొకటి కలదు. ఏలూరు కాలువలో వచ్చు గోదావరినీరు సబ్బుతో బాగుగా నురుగుపట్టును. కొల్లేటి గ్రామములలో ఎండకాలమున ఉప్పుటేరు గుండ సముద్రపునీరు ఎగదన్నుటచే నీరు ఉప్పనగును. మన వసతిగృహపు బోరునీటిలో సున్నపు అంశమెక్కువ. సబ్బు విరిగి తెల్లని మడ్డి యగును. నేను బోరునీటితో గీసికొన్నపుడు ఒక బ్లేడు ఐదుమార్లకు మించి పనిచేయలేదు. డాబామీద పట్టిన వాననీటిని వెచ్చచేసి, మూడు నిమిషములు నానబెట్టి, పిదప సబ్బు రాచి గీసికొన్నపుడు తొమ్మిదిమార్లు వచ్చెను. పని ముగియగానే బ్లేడును జాడించి, విదిలించి, గాలి తగులుచోట ఆరనిత్తును. లాగుట మొదలుపెట్టినదా, దానిని విడిచెదను. అంతకుమించి నాకు రహస్యమేమియు తెలియదు.

ఏలూరి క్షురకశాలకు నేను మాసమున కొకమారైనను పోవుదును. ఆ సొమ్ముతో పది బ్లేడులకు పైగా వచ్చునని యెరుగుదును. అయినను ఆయన చేతితో గడ్డము నానబెట్టించుకొను సుఖము నా లెక్కలకు లొంగదు. ఆయన బ్లేడును కాగితములో నుండగనే నడిమికి విరిచి, సగము పిడిలో దూర్చి, ఒక్కరికి వాడి పారవేయును. పారవేయుటలోను ఆయన జాగ్రత్త చూడదగినది. మన వసతిగృహమున ఊడ్చు ఆమె చేయి చెత్తలోని బ్లేడుకు తెగినది మొదలు, మూత బిగించిన రేకుడబ్బాకు సన్నని చీలిక పెట్టి స్నానశాలలో నుంచితిని. దాని ప్రక్క గోడకు నాలుగు మేకులు. ఒక్కొక్క మేకునకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క రేజరు.

కార్తికమాసమున రెండవ పరీక్షయు నిర్దోషమని తేలెను. ఆ కాగితములు తెచ్చి యిచ్చుటకై పెద్దవాడు నా గదికి వచ్చెను. బల్లపై కలములుంచుకొను గాజుగ్లాసును చేతిలోనికి తీసికొని, వెలుతురుకు త్రిప్పి చూచి, "లోపల ఇన్ని గీతలు ఎవరివండీ మాస్టారూ?" అని అడిగెను.

మా నాయనగారివి అని చెప్పితిని.