నాంపల్లిలో పని పడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: ఎంజే మార్కెట్ దాకా దారి



ఉట్నూరు అయినా, ఏటూరునాగారం అయినా, భద్రాచలం, మన్ననూరు అయినా, డిగ్రీ అయిపోయిన మన పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు నాంపల్లిలో పని పడుతది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు ప్రతిభా భవన్ అక్కడే, ఎంజే రోడ్డు మీద ఉంది. ఎంజే అంటే మొజంజాహీ. మార్కెట్ పూర్తి పేరు బోర్డు మీద కనిపిస్తది గానీ, కండక్టర్లు, ఆటో భయ్యాలు అందరూ "ఎంజే మార్కెట్" అనే అంటరు. మీరూ అట్లనే అడగండి.

మేము నలుగురం హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నం. నెలకు ఒకరిద్దరు ఊరి నుంచి ఫోన్ చేస్తరు: "అన్నా, రేపు నాంపల్లికి వస్తున్న, ఎట్ల రావాలె?" ఆదిలాబాద్ నుంచి, భద్రాచలం నుంచి సుమారు 300 కిలోమీటర్లు. రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారి దిగి, పని చూసుకుని, మళ్లీ రాత్రి బస్సు ఎక్కుతరు. ఆ ఒక్క రోజు కోసం ఇంట్లో అమ్మా బాపూ పత్తి ఏరిన పైసలో, తునికాకు పైసలో ఇచ్చి పంపుతరు. పోయినేడు మా గదికి వచ్చిన ఒక తమ్ముడి దగ్గర, ఎంజీబీఎస్ నుంచి నాంపల్లికి ఒక ఆటోలో 250 రూపాయలు తీసుకున్నరు. అది మెట్రోలో మూడు స్టేషన్ల దూరం. ఇంటి దగ్గర ఒక మనిషి పొద్దంతా వంగి చేసిన పని అది. అందుకే ఇదంతా ఒక్క చోట రాస్తున్నం.

దిగే చోటు ముందే తెలుసుకోండి

ఆదిలాబాద్, నిర్మల్ దిక్కు నుంచి వచ్చే బస్సులు ముందు జేబీఎస్‌కు వస్తయి. అక్కడ మెట్రో ఎక్కితే గ్రీన్ లైన్ చివర ఎంజీబీఎస్. అదే స్టేషన్‌లో మారి, మియాపూర్ పోయే రెడ్ లైన్ బండి ఎక్కండి. మొదటిది ఉస్మానియా మెడికల్ కాలేజ్, రెండోది గాంధీభవన్. ఎంజే మార్కెట్‌కు, కమిషన్ ఆఫీసుకు గాంధీభవన్‌లో దిగి నడవడమే.

భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం నుంచి వచ్చే వాళ్లు ఎల్బీనగర్‌లోనే దిగి మెట్రో ఎక్కొచ్చు. అదే రెడ్ లైన్, ఎక్కడా మారే పని లేకుండా గాంధీభవన్ దాకా వస్తది. పొద్దున ట్రాఫిక్‌లో బస్సు ఎంజీబీఎస్ చేరే లోపు మీరు నాంపల్లిలో ఉంటరు. ములుగు, ఏటూరునాగారం వాళ్లు ఉప్పల్‌లో దిగి కోఠి సిటీ బస్సు పట్టండి. కోఠి నుంచి పుత్లీబౌలి మీదుగా ఎంజే మార్కెట్‌కు నడిచి పావు గంట. అచ్చంపేట, మన్ననూరు వాళ్లకు ఎంజీబీఎస్ సులువు.

రైలు సంగతి. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ దిక్కు వాళ్లకు, విశాఖ మీదుగా వచ్చే పాడేరు, అరకు వాళ్లకు ఒక లాభం ఉంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, గోదావరి ఎక్స్‌ప్రెస్ నేరుగా నాంపల్లి స్టేషన్‌కే వస్తయి. టికెట్ మీద "హైదరాబాద్ దక్కన్" అని ఉంటే అది నాంపల్లే, కంగారు పడొద్దు. సికింద్రాబాద్‌లో దిగితే మెట్రో స్టేషన్లు రెండుంటయి. మీకు కావాల్సింది సికింద్రాబాద్ వెస్ట్. ఈస్ట్‌లో ఎక్కితే బ్లూ లైన్ మీద నాగోల్‌కో హైటెక్ సిటీకో పోతరు. ఈ మధ్య కొన్ని బండ్లు చర్లపల్లిలోనే ఆగిపోతున్నయి. అక్కడ మెట్రో లేదు, సిటీ బస్సే దిక్కు, గంటకు పైనే పెట్టుకోండి.

మెట్రో పొద్దున ఆరింటికి మొదలైతది. నాలుగింటికి దిగిన వాళ్లు ఆగం కావొద్దు. బస్టాండ్‌లోనే మొహం కడుక్కుని, చాయ్ తాగి కూర్చోండి. ఆ టైంలో ఆటో ఎక్కితేనే జేబు ఖాళీ అయ్యేది. తప్పదనుకుంటే ఫోన్ యాప్‌లో రేటు చూసుకుని ఎక్కండి.

చెల్లెళ్లకు: మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ దగ్గర ఉంచుకోండి, జీరో టికెట్ మాత్రం అడిగి తీసుకోండి. "మెట్రో ఎక్స్‌ప్రెస్" అంటే బస్సు. పైన పోయే మెట్రో రైలుకు డబ్బులు కట్టాల్సిందే.

నాంపల్లిలో దిగినంక

కాల్ లెటర్ మీద అడ్రస్ రెండు సార్లు చదవండి. సర్టిఫికెట్ల పరిశీలన ఆఫీసులో కాకుండా పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెలుగు విశ్వవిద్యాలయం పాత క్యాంపస్‌లో జరిగిన సార్లు ఉన్నయి. దానికి నాంపల్లి స్టేషన్‌లో దిగాలె. కుల ధ్రువీకరణ పత్రం, మెమోలు ఒరిజినల్స్‌తో పాటు రెండు సెట్లు జిరాక్స్ మండల కేంద్రంలోనే తీయించుకుని రండి. ట్రైబల్ వెల్ఫేర్ ఆఫీసులో పని ఉంటే అది నాంపల్లిలో లేదు, మాసబ్‌ట్యాంక్‌లో, డీఎస్ఎస్ భవన్. రెండు పనులు ఒక్క రోజులో పెట్టుకుంటే పొద్దున్నే బయలుదేరండి.

మూడు కాలాల్లో జర జాగ్రత్త. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ ఉంటది, సాయంత్రం గాంధీభవన్ స్టేషన్‌లో కాలు పెట్టే సందు ఉండదు. మృగశిర కార్తెకు అక్కడే చేప మందు పంచుతరు. వినాయక నిమజ్జనం రోజు ఊరేగింపు ఎంజే మార్కెట్ మీదుగానే పోతది, బస్సులన్నీ దారి మళ్లిస్తరు. ఆ రోజు మెట్రో తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

తిండికి: జీహెచ్‌ఎంసీ ఐదు రూపాయల భోజనం కౌంటర్లు ఈ చుట్టుపక్కల ఉన్నయి. ఈ పథకం 2014లో మొదలైందే నాంపల్లిలో. మధ్యాహ్నం తొందరగా పోండి, అయిపోతది. ఆదివారం వచ్చిన వాళ్లు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల సంత చూడకుండా పోవద్దు. గ్రూప్స్ పుస్తకాలు సగం ధరకు మేము అక్కడే కొన్నం. పని తొందరగా అయితే అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో పెట్టింది. కూర్చుని చదువుకుంటే ఎవరూ ఏమీ అనరు.

మార్కెట్ లోపలికి కూడా పోండి

మనోళ్లు చాలా మంది మార్కెట్ బయట నుంచే చూసి పోతరు. ఆ పెద్ద రాతి గోడలు, గడియార స్తంభం చూసి ఇది మనకు కాదులే అనుకుంటరు. అది పండ్ల మార్కెట్‌గా నడిచిన చోటు. పండ్ల వ్యాపారం కొత్తపేటకు పోయింది, 2020లో బాగు చేసి మళ్లీ తెరిచిన్రు. లోపల ఐస్‌క్రీం దుకాణాల ముందు కుర్చీల్లో ఎవరైనా కూర్చోవచ్చు. దసరా తర్వాత వస్తే సీతాఫలం ఐస్‌క్రీం అడగండి. మన్ననూరు, అచ్చంపేట రోడ్ల పక్కన మన అమ్మలు గంపల్లో పెట్టి అమ్మే పండే అది. ఇక్కడ కప్పు ధర చూస్తే గంప ధర గుర్తొస్తది. ఆ లెక్క మన పిల్లలు ఒకసారి వేసుకోవాలె.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈ మార్కెట్‌ను 1935లో ఏడో నిజాం కాలంలో కట్టి, ఆయన రెండో కొడుకు పేరు పెట్టిన్రు. ఐదేండ్లకు, 1940లో, అదే నిజాం పాలనలో జోడేఘాట్‌లో కుమ్రం భీం తుపాకులకు నేలకొరిగిండు. మన పుస్తకాల్లో ఈ రెండూ వేరే వేరే పాఠాలు. రాజ్యం ఒక్కటే. భీం అడిగిన భూమి కాగితం కోసం, ఉద్యోగం కాగితం కోసం మనం ఇంకా ఈ రోడ్ల మీదికే వస్తున్నం. అందుకని ఇక్కడ నడిచేటప్పుడు తల దించుకునే పని లేదు. గోండీ అయినా, కోయ అయినా, లంబాడీ అయినా మన భాష గొంతు తగ్గించకుండా మాట్లాడండి.

వచ్చే ముందు రోజు ఫోన్ చేయండి. ఏ బస్సు, ఎక్కడ దిగుతరు, పని ఎన్ని గంటలకు, ఈ మూడు చెప్తే చాలు, మిగతాది మేము చెప్తం. ఆ 250 రూపాయలు మళ్లీ ఇంటికే పోవాలె.