లాగే చెయ్యి... ఒగ్గే రీలు

అమెరికా పడమటి తీరంలో కయాక్‌ ఎక్కి సాల్మన్‌ చేప కోసం బయల్దేరేవాళ్లు ముందుగా ఆలోచించేది రీలు గురించే. అనకాపల్లి జిల్లా పూడిమడకలో తెప్ప ఎక్కే మత్స్యకారుడికి రీలు ఉండదు. అతడి చెయ్యే రీలు. రెండింటికీ మధ్య తేడా ఎంత అంటే... ఒక్కోసారి ప్రాణమంత!

అనకాపల్లి అనగానే ఎవరికైనా బెల్లమే గుర్తొస్తుంది. మార్కెట్‌ యార్డులో వరసగా పేర్చిన దిమ్మలు, వాటి చుట్టూ ముసిరే తేనెటీగలు, కాటా దగ్గర హడావుడి... ఆ తీపి వాసన రైల్లో వెళ్లేవాళ్లకు కూడా తెలుసు. కానీ 2022 ఏప్రిల్‌ 4న ఆ పేరుతో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు బెల్లంతోపాటు ఉప్పు కూడా దాని వాటాకు వచ్చింది. ముత్యాలమ్మపాలెం, పూడిమడక, బంగారమ్మపాలెం, రేవుపోలవరం... ఇలా సముద్రాన్ని నమ్ముకున్న ఊళ్లు ఎన్నో ఈ జిల్లాలో ఉన్నాయి.

అనకాపల్లి నుంచి అచ్యుతాపురం మీదుగా దక్షిణానికి వెళ్తే పూడిమడక. దాదాపు గంట ప్రయాణం. దారిలో ముందు చెరకు తోటలు, ఆ తర్వాత అచ్యుతాపురం సెజ్‌లోని ఫ్యాక్టరీల గొట్టాలు. ఎన్టీపీసీ గ్రీన్‌ హైడ్రోజన్‌ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసినప్పుడు దేశమంతా విన్న పేరు ఈ ఊరిదే. అవన్నీ దాటి ఇసుకలోకి దిగితే మాత్రం కనిపించేది పాత కథే. ఒడ్డున బోర్లించిన తెప్పలు, ఎండలో ఆరుతున్న వలలు, నీడలో కూర్చుని గాలాలు కట్టుకునే మనుషులు.

పూడిమడక మత్స్యకారులకు గాలం వేటలో మంచి పేరుంది. తీరం దాటి లోతు నీళ్లలోకి వెళ్లి సూర (ట్యూనా), కోనాం లాంటి పెద్ద చేపల్ని గాలంతో పట్టడం వీళ్లకు అలవాటైన విద్య.

తెప్పకు తోబుట్టువు కయాక్‌

నాలుగైదు తేలిక దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తే పాతకాలపు తెప్ప సిద్ధం. వేట అయ్యాక కట్లు విప్పి దుంగల్ని ఒడ్డున ఆరబెట్టేవారు. తమిళులు దీన్నే కట్టుమరం అన్నారు. ఆ మాటే ఇంగ్లిషులోకి వెళ్లి కాటమరాన్‌ అయింది. ఇప్పుడు దుంగల చోట ఫైబర్‌ వచ్చింది, తెడ్డు చోట ఇంజిను వచ్చింది. పేరు మాత్రం తెప్పే.

భూగోళానికి ఆ చివర ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఇన్యూట్‌ జాతి వేటగాళ్లు కర్ర, ఎముకలతో చేసిన చట్రానికి సీలు తోలు కప్పి ఒక మనిషి పట్టే పడవ చేసుకున్నారు. అదే కయాక్‌. ఇప్పుడు అదీ ప్లాస్టిక్‌దైపోయి వేటగాడి చేతిలోంచి సరదారాయుళ్ల చేతిలోకి వచ్చింది. వాషింగ్టన్‌ రాష్ట్రంలోనూ, కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియా తీరంలోనూ వేసవి వచ్చిందంటే సాల్మన్‌ కోసం కయాక్‌లు బయల్దేరతాయి.

తెప్పయినా, కయాక్‌ అయినా కూర్చునే మనిషికీ నీటికీ మధ్య దూరం జానెడే. అల కొడితే ఒళ్లంతా తడుస్తుంది. పెద్ద చేప లాగితే పడవే కదులుతుంది. ట్రోలింగ్‌ అనే పద్ధతి కూడా రెండు చోట్లా ఉన్నదే. పడవను మెల్లగా నడుపుతూ వెనక తాడుకు ఎరనో, తళుక్కుమనే రేకునో కట్టి ఈడ్చుకుపోవాలి. బతికున్న చిన్న చేప పారిపోతోందనుకుని పెద్ద చేప వెంటపడుతుంది. సాల్మన్‌ ట్రోలింగ్‌కు గంటకు మూడు నుంచి అయిదు కిలోమీటర్ల వేగం చాలు. మనిషి నడకంత!

అన్నట్టు, మన బజారులో ‘ఇండియన్‌ సాల్మన్‌’ పేరుతో అమ్మే మాగ చేపకూ అసలు సాల్మన్‌కూ చుట్టరికం లేదు. అసలు సాల్మన్‌ చల్లటి నీటి చేప. మంచినీటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికే ఎదురీదుతుంది. వాటిలో పెద్దది చినూక్‌. 1985లో అలాస్కాలోని కీనై నదిలో గాలానికి చిక్కిన చినూక్‌ బరువు 44 కిలోలు!

గిలకలో క్లచ్చు

రీలు అంటే ఏమిటి? పైపైన చూస్తే బావి గిలకకు తమ్ముడు. హ్యాండిల్‌ తిప్పితే తాడు చుట్టుకుంటుంది. దీని వయసూ తక్కువేం కాదు. చైనా చిత్రకారుడు మా యువాన్‌ 1195 ప్రాంతంలో వేసిన బొమ్మలో పడవలోని జాలరి చేతికర్రకు రీలు కనిపిస్తుంది.

అయితే రీలు అసలు గొప్పతనం చుట్టుకోవడంలో లేదు. వదలడంలో ఉంది. లోపల చక్రానికి ఆనుకుని కొన్ని బిళ్లలుంటాయి. అచ్చం స్కూటర్‌ క్లచ్‌ ప్లేట్లలాగే. వాటి బిగువుకే డ్రాగ్‌ అని పేరు. చేప మామూలుగా లాగితే చక్రం కదలదు. బిగువును మించి లాగిందో... బిళ్లలు జారి చక్రం వెనక్కి తిరుగుతుంది. తాడు తెగకుండా బయటికి పోతుంది. చేప అలసిందా, మళ్లీ చుట్టుకోవచ్చు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసే పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి జోరుగా ఉన్నప్పుడు చరకా బిగించి పట్టుకుంటే దారం పుటుక్కుమంటుంది!

ఒకప్పటి రీళ్లలో ఈ ఏర్పాటు లేదు. పెద్ద చేప లాగితే హ్యాండిల్‌ గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపుల్ని చితక్కొట్టేది. తోలు ముక్కను చక్రానికి అదిమిపెట్టి, బొటనవేలితో వేగాన్ని ఆపేవారు. 1913లో కాలిఫోర్నియాకు చెందిన కాటలీనా దీవి దగ్గర విలియం బోషెన్‌ ఓ భారీ కత్తిచేపను రాడ్డూ రీలుతో పట్టాడు. అప్పుడతను వాడింది లోపల డ్రాగ్‌ అమర్చిన రీలు. హ్యాండిల్‌ కింద నక్షత్రం ఆకారంలో ఉండే మరను తిప్పి బిగువు సరిచేసే పద్ధతి అలా పేరుకొచ్చింది. ఆ తర్వాత 1953లో పెరూ తీరంలో ఆల్‌ఫ్రెడ్‌ గ్లాసెల్‌ 707 కిలోల నల్ల మార్లిన్‌ను రీలుతోనే ఒడ్డుకు చేర్చాడు. అంత బరువును మనిషి చెయ్యి ఆపగలదా? ఆపింది చెయ్యి కాదు, జారుతూ జారుతూ చేపను అలిసిపోనిచ్చిన బిళ్లలు.

రీలు కొనాలంటే...

కయాక్‌ మీద సాల్మన్‌ ట్రోలింగ్‌కు రీలు ఎంచుకునేవాళ్లు చూసుకునేవి ఇవి:

• డ్రాగ్‌: ఎంత గట్టిగా బిగుస్తుందన్నదాని కన్నా ఎంత నున్నగా జారుతుందన్నది ముఖ్యం. ఆగి ఆగి జారితే ఆ కుదుపుకే తాడు తెగుతుంది. తాడు ఆగే బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దగ్గర బిగువు పెట్టాలి. పది కిలోలకు తెగే తాడైతే మూడు కిలోలకే చక్రం జారాలి. తాడును కొక్కెం కాటాకు కట్టి లాగితే లెక్క తేలిపోతుంది.

• తాడు పట్టే సామర్థ్యం: రెండువందల మీటర్లకు తగ్గకూడదు. ఇంకో చిక్కుంది. తాడు బయటికి పోయేకొద్దీ చక్రం మీది చుట్ట సన్నబడుతుంది. చుట్ట సగానికి తగ్గితే అదే బిగువు చేపకు రెట్టింపవుతుంది. అందుకే నిండు చక్రం మీద పెట్టిన బిగువును తాడు బాగా పోయాక కాస్త సడలించాలి.

• ఒంటిచేతి వాటం: రెండో చేతిలో తెడ్డు ఉంటుంది. తాడు వదలడం, ఆపడం బొటనవేలితో అయిపోవాలి. అందుకే అడ్డంగా తిరిగే చక్రం, తాడును దానంతటదే సమంగా పేర్చే ఏర్పాటు ఉన్న రీళ్లను ఎక్కువమంది ఇష్టపడతారు.

• లెక్క చెప్పే మీటరు: సాల్మన్‌ ఒక్కో పూట ఒక్కో లోతులో తిరుగుతుంది. ఎన్ని అడుగుల తాడు వదిలితే చేప తగిలిందో తెలిస్తే మళ్లీ అక్కడికే ఎర పంపొచ్చు.

• చప్పుడు: రాడ్డును పడవకున్న గొట్టంలో నిలిపి తెడ్డు వేస్తుంటారు. చేప పడగానే రీలు కరకరమని అరవాలి.

• ఉప్పు: కయాక్‌లో రీలు తడవకుండా ఉండదు. తుప్పు పట్టని బేరింగులు ఉండాలి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి. అన్నిటికన్నా ముందు రాడ్డును పడవకు తాడుతో కట్టుకోవాలి.

ఇంత చూసుకునేది చేప పోతుందని మాత్రమే కాదు. బిగుసుకుపోయిన తాడు పక్కకు లాగితే కయాక్‌ తలకిందులవుతుంది. చక్రం జారితే పడవ ముక్కును చేప వైపు తిప్పుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత చేపే పడవను కాసేపు ఈడ్చుకుపోతుంది. అలిసేదీ అదే.

అరచెయ్యే క్లచ్చు

మళ్లీ పూడిమడకకు వస్తే... ఇక్కడ గాలం వేటలో నైలాన్‌ తాడును వదిలేదీ, బిగించేదీ, లాగేదీ అరచెయ్యే. ఎంత బరువు పడింది, ఏ జాతి చేప, బెదిరిందా అలిసిందా... అన్నీ వేళ్లకే తెలియాలి. హెమింగ్వే 1952లో రాసిన ‘ది ఓల్డ్‌ మ్యాన్‌ అండ్‌ ద సీ’లో ముసలి జాలరి శాంటియాగోకు కూడా రీలు లేదు. మార్లిన్‌ లాగుతున్న తాడును వీపు మీంచి వేసుకుని, చేతులు కోసుకుపోతున్నా పట్టు వదలడు. ప్రపంచమంతా ఆ పట్టుదలను మెచ్చుకుంది. కానీ కథలో శాంటియాగో తిరిగొచ్చాడు.

2025 జులై మొదట్లో పూడిమడక నుంచి తెల్లారకముందే నలుగురు వేటకు వెళ్లారు. జూన్‌ 14తో వేట నిషేధం ముగిసి ఎన్నో రోజులు కాలేదు. గాలానికి భారీ కొమ్ము కోనాం పడింది. నల్ల మార్లిన్‌ను ఈ తీరంలో పిలిచే పేరది. తాడు పట్టి దాన్ని పడవలోకి లాగబోతున్న మత్స్యకారుడిని చేప ఒక్క ఉదుటున సముద్రంలోకి లాక్కుపోయింది. తోటివాళ్ల కళ్ల ముందే మనిషి మాయమయ్యాడు. అంతకుముందు 2022 ఫిబ్రవరిలో ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడొకరు కొమ్ము కోనాం పొడవడంతో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

లెక్క చూస్తే భయమేస్తుంది. తడిసిన ఫైబర్‌ మీద నిలబడిన మనిషి బరువు అరవై, డెబ్భై కిలోలు. అవతల వంద కిలోలు దాటే చేప. మధ్యలో జారే బిళ్లలేవీ లేవు. ఉన్నదల్లా వేళ్లు.

మరి వదిలేయొచ్చుగా అనిపిస్తుంది. ఒడ్డున కూర్చున్నవాళ్లకు అది సులువే. ఉత్తరాంధ్ర మాటలో చెప్పాలంటే ‘ఒగ్గేయ్‌!’ అనడానికి క్షణం చాలు. కానీ డీజిలు ఖర్చు, ఐసు ఖర్చు, రెండు నెలలు వేట లేని ఇల్లు... ఇవన్నీ అదే తాడుకు అవతల వేలాడుతుంటాయి. సరదాకు వెళ్లినవాడికి చేప పోతే ఒక ముచ్చట మిగులుతుంది. బతుకుతెరువుకు వెళ్లినవాడికి అప్పు మిగులుతుంది. అందుకే చెయ్యి ఒక క్షణం ఆలస్యంగా ఒగ్గుతుంది.

అలాగని తెప్పకో రీలు బిగిస్తే సరిపోతుందా? సాల్మన్‌కు సరిపోయే రీలు మార్లిన్‌ ముందు ఆటబొమ్మ. మార్లిన్‌ను ఆపే రీలు కొనాలంటే చిన్న తెప్ప సంపాదనకు తలకు మించిన భారం. పైగా దానికి బలమైన రాడ్డు, నడుముకు పట్టీ, కూర్చోవడానికి గట్టి ఆసనం కావాలి. అయితే రీలు చేసే పనిలో సగం చేసే చవక ఉపాయాలున్నాయి. పెద్ద చేపల కోసం చేతి గాలం వేసే చాలా చోట్ల తాడు చివర గాలి నింపిన డబ్బానో, తేలే బంతినో కడతారు. చేప జోరుగా లాగితే తాడును డబ్బాతో సహా నీళ్లలోకి వదిలేస్తారు. డబ్బాను ఈడ్చి ఈడ్చి చేపే అలిసిపోతుంది. పడవ దాని వెంట వెళ్లి తాడు అందుకుంటుంది. దీన్ని పేదవాడి డ్రాగ్‌ అనుకోవచ్చు. తాడును ఎప్పుడూ చేతికి మెలి వేసుకోకపోవడం, వదిలే తాడు చుట్టలో కాలు పెట్టకపోవడం, చేతికి అందేలా కత్తి ఉంచుకోవడం, ఒంటి మీద లైఫ్‌ జాకెట్‌... ఇవి కూడా ఆ కోవలోవే.

పొద్దెక్కేసరికి పూడిమడక ఒడ్డున హడావుడి మొదలవుతుంది. అలల మీద చుక్కల్లా కనిపించిన తెప్పలు దగ్గరవుతాయి. గంపలతో ఆడవాళ్లు, బేరానికి వచ్చిన వ్యాపారులు, తెప్పను ఇసుక మీదికి లాగడానికి భుజం కలిపే కుర్రాళ్లు. చేప ఎంత, ధర ఎంత అన్న లెక్కలు ఆ తర్వాత. ముందు తేలాల్సిన లెక్క ఒకటుంది. తెల్లవారుజామున తెప్ప ఎక్కిన వాళ్లు ఎందరు... దిగిన వాళ్లు ఎందరు?