బంధుగాంలో కరెంటు పాఠం

పార్వతీపురం నుండి కొండల వైపు బస్సులో పోయేవారికి రాష్ట్రం మారిన సంగతి దుకాణాల బోర్డులను చూస్తేనే తెలుస్తుంది. చెవిని బడే మాటలను బట్టి తెలియదు. బంధుగాం ఒడిశాలో, కొరాపుట్ జిల్లాలో వున్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు యీ కొండలన్నీ మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగమే. 1992లో పాత కొరాపుట్‌ను నాలుగు జిల్లాలు చేసినప్పుడు రాయగడ వేరైనది గాని, బంధుగాం కొరాపుట్‌లోనే మిగిలినది. సంతలో నిలబడితే మూడు భాషలు వినబడతవి. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు తెచ్చే కొంధులది కువి. బేరగాండ్రలో పలువురిది తెలుగు. ఆఫీసుల్లోను, బడిలోను ఒడియా.

మేము యీ వూరికి వేరొక పనిమీద వెళ్లినా, మాకు గుర్తుండిపోయినది అక్కడి ఒక ప్రాథమిక పాఠశాలలో చూచిన కరెంటు పాఠం. మన పాఠకుల ఇండ్లలోనూ చిన్నపిల్లలున్నారు గనుక దానిని కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

విద్యుత్తు కొరాపుట్‌కు కొత్త వస్తువు కాదు. డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లోనే పని ప్రారంభించినది. ఆంధ్ర, ఒడిశా రెండూ అందులో భాగస్థులు. ఆ కరెంటు ఎక్కడెక్కడి పట్నాలనో వెలిగించినది గాని, అదే జిల్లాలోని ఎన్నో కొండగ్రామాలు ఆ తరువాత దశాబ్దాలపాటు కిరసనాయిలు బుడ్లతోనే గడిపినవి. ఇప్పుడు స్తంభాలు వచ్చినవి, ఇంటి చూరు దాకా తీగ వచ్చినది. కాని దాని నడక పిల్లవాడికి చెప్పగల పెద్దలు చాలా ఇండ్లలో లేరు. ఆ పని బడి మీదనే పడినది.

ఒక టార్చి సెల్లు, లోపల సన్నని తీగ వుండే పాతరకం చిన్న బల్బు, జానెడు రాగితీగ. ఇంతే మాస్టారి సరంజామా. నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, జట్టుకొక్కటి ఇచ్చి, "వెలిగించండి" అన్నారు. ఎలాగో చెప్పలేదు.

దాదాపు ప్రతి జట్టూ తీగ ఒక కొసను సెల్లు పైబొడిపెకు, రెండవ కొసను బల్బు అడుగుకు ఆనించినది. వెలగలేదు. కుండలోని నీరు గొట్టం గుండా వచ్చినట్లు, సెల్లులోని కరెంటు తీగ గుండా బల్బులోకి వచ్చిపడుతుందని వారి వూహ. ఇది బంధుగాం పిల్లల వూహ మాత్రమే కాదు, ఏ దేశంలోనైనా చాలామంది పిల్లలు మొదట చేసేది ఇదే. ఇంట్లో బల్బుకు వేలాడే తీగ ఒక్కటిగానే కనబడుతుంది గదా! తొడుగు లోపల రెండు తీగలున్న సంగతి వారెప్పుడు చూశారు?

పావుగంట గడిచినది. ఒక బాలిక బల్బును సరాసరి సెల్లు బొడిపె మీద నిలబెట్టి, తీగ ఒక కొసను సెల్లు అడుగున అదిమిపట్టి, రెండవ కొసను బల్బు ప్రక్కనున్న మరచుట్టుకు తాకించినది. ఎర్రగా వెలిగినది. తక్కినవారు ఆమె చుట్టూ మూగారు. "దారి వేలితో చూపించమ్మా" అన్నారు మాస్టారు. వేలు సెల్లు పైనుండి బల్బు అడుగుకు, లోపలి సన్నతీగ గుండా మరచుట్టుకు, అక్కడనుండి రాగితీగ మీదుగా మళ్లీ సెల్లు అడుగుకు వచ్చినది. సెల్లుకు రెండు కొనలు, బల్బుకు రెండు ద్వారాలు, మధ్య ఎక్కడా తెగని దారి. దీనినే మనం వలయం అంటాము, ఒడియాలో పరిపథం అంటారు. ఆ మాటను మాస్టారు ఆఖరున గాని బోర్డు మీద వ్రాయలేదు. అంతవరకు పిల్లలు ఎవరి ఇంటిభాషలో వారు వాదించుకొన్నారు.

తరువాత అందరినీ ఆవరణలో గుండ్రంగా నిలబెట్టి, తలకొక చింతపిక్క ఇచ్చారు. చప్పట్లు కొట్టినప్పుడల్లా ఎవరి పిక్కను వారు కుడిప్రక్కవారికి ఇచ్చి, ఎడమప్రక్కవారిది పుచ్చుకోవాలి. పిక్కలన్నీ ఒక్కసారే కదిలినవి. ఒకడు చేతులు వెనక్కు తీసుకోగానే అన్నీ ఆగిపోయినవి. స్విచ్చి చేసే పని అదే. తీగలో కణాలు ముందునుండే వున్నవి, సెల్లు వాటిని తోస్తుంది. బల్బు వాటిని తినివేయదు; మొదట ఎన్ని పిక్కలో చివరకూ అన్నే. ఖర్చయ్యేది సెల్లులోని శక్తి.

ఇక దారిలో కొంచెం ఖాళీ వుంచి అందులో ఒక్కొక్క వస్తువునే పెట్టి చూశారు. తాళంచెవికి, రూపాయి బిళ్లకు బల్బు వెలిగినది. ప్లాస్టిక్ గాజుకు, వెదురుపుల్లకు, అడ్డాకుకు వెలగలేదు. చివరకు వేళ్లు పెట్టి చూశారు, వెలగలేదు. "మనిషిలోంచి కరెంటు పోదు సార్" అన్నాడొక కుర్రవాడు.

మాస్టారు నవ్వలేదు. పాఠమంతటికీ ముఖ్యమైన ఘట్టం ఇదేనని మాకు తోచినది. యీ సెల్లు తోపు ఒకటిన్నర వోల్టు, ఇంటి తీగది 230. చిన్నదానితో బల్బును వెలిగించలేనంత కొద్దిగా పోయే కరెంటే, పెద్దదానితో గుండెను ఆపగలిగినంత అవుతుంది. ఒళ్లు తడిసివుంటే మరీ సులభం. పైగా ఇంటి కరెంటుకు భూమి కూడా తిరుగుదారే. తడినేల మీద వట్టికాళ్లతో నిలిచి తీగను ముట్టినవాడు తానే వలయాన్ని పూర్తిచేస్తాడు. తీగమీది పిట్టకు రెండు కాళ్లూ ఒకే తీగ మీద వుండి, భూమి తగలకుండుటచేత దానికి ప్రమాదం లేదు. చింతకాయలకు పచ్చివెదురు గడ ఎత్తి తీగకు తగిలించినవానికి ఆ రక్షణ లేదు.

ఇవి వట్టి మాటలు కావు. 2023 మే నెలలో సరిహద్దుకు ఇవతల, పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో ట్రాన్స్‌ఫార్మరు తగిలి నాలుగు ఏనుగులు ఒకేచోట చనిపోయినవి. అడవిపందుల కోసం చాటుగా పరచిన కరెంటు తీగలకు మనుష్యులు బలియైన వార్తలు కొండప్రాంతాలనుండి వస్తూనే వున్నవి.

మన సంఘం పిల్లల కూడికలో ఒక సాయంకాలం యీ పాఠం పెట్టవచ్చును. పాతరకం టార్చి బల్బే వెదకి తెండి, ఇప్పటి ఎల్.ఇ.డి. దీపాలు ఒక్క సెల్లుతో వెలగవు, తిప్పి పెట్టినా వెలగవు. తీగను సెల్లు రెండు కొనలకూ నేరుగా కలిపి వుంచితే వేడెక్కి చేయి కాలుతుంది. గోడలోని ప్లగ్గు జోలికి మాత్రం ఎవరూ పోరాదు. పెద్దలకు కష్టమైన నియమం ఒక్కటే. పిల్లలు ఆ పావుగంటసేపు తంటాలు పడుతుంటే జవాబు చెప్పకుండా కూర్చోవలెను.