పేరు లేని మాట



మన సంఘంలో ఒక తమ్ముడు సెలవు దొరికితే సాలూరు వైపు కొండలెక్కుతాడు. మొన్న కొండదారుల పుస్తకం ఒకటి కొందామని, దాని మీద జనం రాసిన అభిప్రాయాలు నాకు చదివి వినిపించాడు. ఒకరు దారులు చక్కగా చెప్పారన్నారు. ఇంకొకరు, పుస్తకంలో ఊట ఉందన్న చోట వేసవిలో చుక్క నీరు లేదన్నారు. మూడో ఆయన, రాసినవాడు దొంగ, కొండే ఎక్కలేదు అన్నాడు. ముగ్గురిలో ఎవరికీ పేరు లేదు. "ఎవరి మాట నమ్మమంటారు అయ్యగారూ?" అని అడిగాడు.

రెండో మాటను లెక్కలోకి తీసుకోమన్నాను. పేరు లేకపోయినా దాన్ని ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. నిజమైతే ఒక ప్రాణం నిలుస్తుంది. దారి తప్పు చెప్పిన పుస్తకాన్ని మొహమాటానికి మెచ్చుకోవడం ప్రేమ కాదు. మూడో మాట మాత్రం పుస్తకాన్ని వదిలి మనిషి మీద పడింది. నీకెలా తెలుసని అడుగుదామంటే అన్నవాడు కనబడడు. పడ్డవాడు ఎవరికి జవాబు చెప్పుకోవాలి?

మన ఊళ్లకు ఇది కొత్త కాదు. ఒక్క ఆకాశరామన్న ఉత్తరంతో కుదిరిన సంబంధాలు చెడిపోయాయి. ఇప్పుడు ఆ ఉత్తరం ఫోనులోకి వచ్చింది, అంతే.

విమర్శ ఎలా ఉండాలో మన ప్రాంతపు పెద్దలే చూపించారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన మీద వేసిన ఉపసంఘంలో విజయనగరం గురజాడ అప్పారావు గారు సభ్యులు. నివేదిక గ్రాంథికం వైపు మొగ్గితే, ఆయన వాడుక భాష పక్షాన పెద్ద అసమ్మతి పత్రం రాశారు, తన పేరుతోనే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారూ అంతే. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి, పండితులతో బాహాటంగా వాదించారు. వాళ్ల మాటలు పదునైనవే. కానీ ప్రతి మాట వెనకా జవాబు చెప్పే మనిషి నిలబడి ఉన్నాడు.

అలాగని పేరు దాచుకున్న ప్రతివాడూ పిరికివాడు కాదు. మన శ్రీకాకుళం మీదుగా పోయే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లోనే, బీహారులో సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు ఉండేవాడు. అక్కడి అక్రమాల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి రాస్తూ, తన పేరు బయటపెట్టవద్దని వేడుకున్నాడు. ఆ పేరు చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. అది దోపిడీలో జరిగిన హత్య అని కోర్టు తేల్చినా, దేశం మనసు కలత చెందింది. 2004లో కేంద్రం ఒక ఏర్పాటు చేసింది. ఫిర్యాదు చేసేవాడు తన పేరు విజిలెన్స్ కమిషన్‌కు చెప్పాలి, కమిషన్ దాన్ని గుప్తంగా ఉంచాలి.

ఇందులో మనకు పాఠం ఉంది. హాని చేసేవాడికి పేరు తెలియనక్కరలేదు, విచారించేవాడికి తెలియాలి. మేస్త్రీకి భయపడే కూలి మనిషి, అత్తింట బాధపడే ఆడబిడ్డ నమ్మకమైన పెద్ద దగ్గర గుట్టుగా చెప్పుకోవచ్చు. అది దొంగచాటు నింద కాదు.

అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగానే ఎదిరించాడు. ఆ సంగతి తన పేరుతో గలతీయులకు రాశాడు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని ప్రభువు నేర్పాడు. ఈ వారం ఎవరి గురించైనా రాయబోతే, ఆ మాట వాళ్ల గుమ్మంలో నిలబడి అనగలమా అని ఒక్కసారి ఆగి చూసుకుందాం.

ప్రభువు మన నాలుకలకూ వేళ్లకూ కావలి ఉండును గాక. ఆమేన్.