బాంజ్ అడవి - రెండు పద్దులు

ప్రబంధాల్లోని వనవర్ణనలు ఏటా పాఠం చెబుతాను. ఆ వనాల్లో చిలుకలుంటాయి, కోకిలలుంటాయి, పూలు కోసే చెలికత్తెలుంటారు. పచ్చిమేత మోపు మోసే ఆడది మాత్రం కనబడదు. ఇది కవుల లోపమని నేననను. వారిని పోషించిన ప్రభువులకు మేతమోపుతో పని లేదు. అడవిని చూసే చూపు కూడా వర్గాన్ని బట్టే వుంటుందని పుస్తకాలకంటే గట్టిగా నాకు బోధపరచినవి హిమాలయాల బాంజ్ అడవులు. ఒక వేసవి సెలవుల్లో కుమావోన్ కొండల్లో తిరిగినప్పుడు వాటిని చూశాను.

బాంజ్ ఓక్ జాతి చెట్టు. ఓక్‌ను తెలుగులో సింధూరవృక్షమంటారు. సుమారు 1500 నుంచి 2200 మీటర్ల ఎత్తు దాకా, కొండవాలు నడుమ పట్టీలో పెరుగుతుంది. దిగువన చీర్ పైన్, ఎగువన తిలోంజ్, ఖర్సు అనే ఓక్ జాతులు. బాంజ్ ఆకు పైన పచ్చగా, అడుగున తెల్లని నూగుతో వుంటుంది. కొమ్మలకు నాచు పట్టి వుంటుంది. నడుమ నడుమ బురాంశ్ ఎర్రగా పూస్తుంది. రాలిన ఆకు కుళ్ళి మెత్తని నల్లమట్టి అవుతుంది. వాననీరు జారిపోక అందులో ఇంకుతుంది. బాంజ్ వున్నచోట ఊట వుంటుందని అక్కడి ఆడవాళ్ళు చెబుతారు. కడవ మోసేవారి మాట అది.

పచ్చి ఆకు పశువుకు మేత. ఎండుటాకు కొట్టంలో పరుపు. పేడతో కలిసి అదే మెట్లమెట్లుగా చెక్కిన పొలాలకు ఎరువు. కొమ్మ వంటచెరకు. అడవి లేనిదే పశువు లేదు, పశువు లేనిదే చేను లేదు. ఈ చక్రమంతా తిరిగేది స్త్రీల వీపులమీద.

తెల్లదొరల పద్దు వేరు. బాంజ్‌కు అందులో పెద్ద విలువ లేదు, పైన్‌కు వుంది. పైన్ అంటే రైలు స్లీపర్లు, టర్పెంటైను తీసే జిగురు. 1911-17 మధ్య కుమావోన్ అడవులను రిజర్వు చేశారు. 1921లో ప్రజలు తిరగబడ్డారు, అడవులకు నిప్పు పెట్టారు. కాలినవి ముఖ్యంగా జిగురు తీసే పైన్ అడవులేననీ, వెడల్పాకుల అడవుల జోలికి జనం పోలేదనీ చరిత్రకారుడు రామచంద్ర గుహా చూపించాడు. ఆ కోపానికి వివేకం వుందన్నమాట! అదే 1921లో మన పల్నాటి రైతులు పుల్లరి కట్టమన్నారు. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలయ్యాడు. ఆ కొండలకూ ఈ పల్నాటికీ మధ్య ఎంత దూరమైనా, కడుపుమంట ఒక్కటే.

అలాగని పైన్‌ను విలన్ చేయడం తేలిక మాట. అదీ ఆ కొండల చెట్టే. దాని తేలికపాటి గింజ గాలికెగిరి ఎండపడే బోడినేలలో మొలుస్తుంది. మందపు బెరడు మంటను తట్టుకుంటుంది. బాంజ్ మొలకకు నీడా, తేమా కావాలి. మరీ కొమ్మలు నరికి, పశువులను వదిలితే బాంజ్ అడవి పలచబడుతుంది, పైన్ చొరబడుతుంది. అందులో పల్లె కొడవలి పాత్రా వుంది. కాని రిజర్వు పేరుతో అడవి చేజారాక, మిగిలిన కొద్ది చెట్లమీదనే ఆ కొడవలి పదేపదే పడింది. ఆ మాట దాచి పేదలను నిందించడం శాస్త్రం కాదు.

తెల్లదొరలు పోయినంత మాత్రాన ఆ పద్దు పోలేదు. పొరుగున గఢ్వాల్‌లో, చమోలీ జిల్లా డూంగ్రీ-పైంతోలీ దగ్గర 1980లో బంగాళాదుంప విత్తనక్షేత్రం కోసం బాంజ్ అడవి కొట్టాలని ఉద్యానశాఖ సంకల్పించింది. బదులుగా రోడ్డు, బడి, ఆసుపత్రి, కరెంటు వస్తాయన్నారు. మగవాళ్ళే వున్న పంచాయతీ సరేనంది. స్త్రీలు ససేమిరా అన్నారు. నరకడానికి వచ్చినవారిని అడ్డుకున్నారు.

బడిపంతుల్ని కనుక బడి వస్తుందంటే నా మనసు అటే మొగ్గుతుంది. మన అభ్యుదయవాదుల్లో చాలామంది మనసూ అంతే. కాని ఆ మగవాళ్ళు ఇస్తామన్నది తాము మోయని బరువు. అడవి పోతే మేతకోసం మరో కొండ ఎక్కవలసింది వాళ్ళు కాదు. పైగా బడి, ఆసుపత్రి పౌరుల హక్కు. పట్నంలో వాటికోసం ఎవరినీ ఊటను అమ్ముకోమనరు. కొండపల్లెను మాత్రం ఎందుకడగాలి? ఆ స్త్రీలు బడి వద్దనలేదు, ఆ బేరం వద్దన్నారు. అభ్యుదయానికీ బేరానికీ తేడా తెలియని అభ్యుదయం, మేతమోపు కనబడని వనవర్ణన లాంటిదే.